ఉరుమూ – పదునూ

కర్నూలు, కడప మెట్ట రైతు ఉరుము విని విత్తడు. నేల పదును చూచి విత్తును. చరవాణి ఆటల విషయమున మన బాలురకు ఆ ఓర్పు లేకపోయినది.

2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము పబ్‌జీ ఆటను నిషేధించినది. రెండు దినములకే బెంగళూరు సంస్థ ఎన్‌కోర్ స్వదేశాభిమానమును రేపుచు 'ఫౌజీ'ని ప్రకటించినది. 2021 జనవరి 26న వెలువడిన ఆ ఆటలో, పలువురు కోరిన జట్టుపోరు లేదు. గాల్వాన్ లోయ కథను ఒంటరిగా ఆడవలసినదే. ఆశాభంగమొందినవారు గూగుల్ ప్లే అంగడిలో దానిపై ఒంటి నక్షత్రములు గుప్పించిరి. కొన్ని నెలలకు జట్టుపోరు చేర్చినను తొలినాటి ఉత్సాహము మరల రాలేదు.

సిద్ధము కానిదానిని ముందే చాటిన సంస్థదే మొదటి తప్పు. కాని విద్యార్థులారా, ఒంటి నక్షత్రము మాత్రమే విమర్శ కాదు. గురువు మీ పత్రముపై సున్న వేసి ఊరకొనునా? తప్పిన చోట ఎర్రగీత గీయును. మీరును ఆ గీత గీయుడు.