పిట్ట అక్కడ... ఫొటో ఇక్కడ!

సింగరాయకొండ నుంచి సముద్రం వైపు వెళ్తే ఊళ్లపాలెం దగ్గర ఉప్పు మడులు కనిపిస్తాయి. చలికాలం తెల్లవారుజామున ఆ మడుల్లో ఉప్పు చేసేవాళ్లకంటే ముందే హాజరయ్యేది పిట్టలే. తెల్లకొంగలు, తీతువులు, ఉల్లంకులు... ఎర్రటి పుల్లల్లాంటి కాళ్లేసుకుని నీళ్లలో నడిచే బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు. చూడగానే ఎవరికైనా చెయ్యి సెల్‌ఫోన్ మీదికి వెళ్తుంది. ఇంకాస్త దగ్గరికి పోదామని నాలుగడుగులు వేస్తారు. అంతే, గుంపంతా లేచి అవతలి మడిలో వాలుతుంది. ఇంటికొచ్చాక ‘అదిగో, ఆ తెల్లచుక్కే కొంగ’ అని అందరికీ వేలు పెట్టి చూపించుకోవాలి!

పెద్ద లెన్సు కొందామా అంటే, పక్షుల కోసం నిపుణులు వాడే 600 మిల్లీమీటర్ల లెన్సు కొత్తది పది లక్షలు దాటుతుంది. దానికి బదులు ఓ మధ్యేమార్గం ఉంది. పక్షుల్ని చూడటానికే చేసిన చిన్న టెలిస్కోపు స్పాటింగ్ స్కోప్. దాని కంటికద్దం దగ్గర ఫోన్ కెమెరాను ఆనించి ఫొటో తీయడమే. దీన్ని డిజిస్కోపింగ్ అంటారు. 1999లో మలేసియాకు చెందిన లారెన్స్ పో అనే పక్షి ప్రేమికుడు తన స్కోపుకు నికాన్ కూల్‌పిక్స్ కెమెరాను పెట్టి చూశాడు. ఆ ఫొటోలు ఇంటర్నెట్‌లో చూసి ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

లెక్క సులువే. ఫోన్‌లోని ప్రధాన కెమెరా సుమారు 26 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. స్కోపు 20 రెట్లు పెద్దది చేసి చూపిస్తే 520 మిల్లీమీటర్లయినట్టే. మరి 60 రెట్లు పెడితే? దుకాణాల్లో ఊరించేది ఆ అంకెతోనే. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికద్దం నుంచి బయటికొచ్చే వెలుగు గుండ్రం ఎంతో తెలుస్తుంది. 60 మిల్లీమీటర్ల అద్దానికి 20 రెట్ల దగ్గర అది 3 మిల్లీమీటర్లు. 60 రెట్ల దగ్గర ఒక్కటే. అంటే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. బొమ్మ మసక, పైగా వణుకు. కాబట్టి కొనేటప్పుడు అద్దం ఎంత పెద్దదో చూడండి, రెట్లు తర్వాత. మొదటి ఆర్నెల్లూ 20, 25 దాటకపోవడమే మేలు.

స్కోపు కంటే ముందు డబ్బు పెట్టాల్సింది ట్రైపాడ్ మీద. బక్కపల్చటి స్టాండయితే సముద్రపు గాలికి స్కోపు ఊగుతూనే ఉంటుంది. కాళ్లు పూర్తిగా సాగదీయకుండా, మధ్యలో సంచి వేలాడదీస్తే కాస్త కుదురుతుంది. ఇంటిల్లిపాదీ చూడాలంటే కంటికద్దం ఏటవాలుగా ఉండే రకం తీసుకోండి. ట్రైపాడ్‌ను అందరికంటే పొట్టివాళ్ల ఎత్తుకు పెడితే మిగతావాళ్లు వంగి చూడొచ్చు.

ఫోన్‌ను చేత్తో పట్టుకుని ప్రయత్నిస్తే పదింటికి తొమ్మిది నల్లగానే వస్తాయి. స్కోపుకు ఫోన్‌ను బిగించే అడాప్టర్ దొరుకుతుంది. ముందు కంటితో చూసి ఫోకస్ సరిచేసుకోవాలి, తర్వాతే ఫోన్ పెట్టాలి. చుట్టూ నల్లటి వలయం వస్తే ఫోన్‌లో కొద్దిగా, ఒకటిన్నర రెట్ల వరకు జూమ్ చేస్తే సరి. అంతకు మించితే బొమ్మ పిగులుతుంది. బటన్ నొక్కినా కదులుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

ఇక అసలు సంగతి వెలుతురు. మన తీరంలో సూర్యుడు సముద్రం మీదినుంచి వస్తాడు. పొద్దున మడులకు తూర్పున నిలబడి ఊరి వైపు చూస్తూ తీయాలి. సాయంత్రమైతే పడమటి గట్టు మీదినుంచి సముద్రం వైపు. సూర్యుడి వైపు మాత్రం స్కోపు తిప్పనే కూడదు, క్షణంలో కంటిచూపు పోతుంది. పిల్లలుంటే ఈ మాట పదిసార్లు చెప్పండి. మిరపకాయలు ఆరబోసిన కళ్లం మీద మధ్యాహ్నం గాలి ఎలా అలలు అలలుగా కదులుతుందో చూసే ఉంటారు. ఉప్పు మడుల మీదా అంతే. ఆ అలల్లోంచి ఎంత ఖరీదైన అద్దం చూసినా పిట్ట కరిగిపోయినట్టే కనిపిస్తుంది. ఎండ ముదరగానే సర్దుకోవడం ఉత్తమం.

చెయ్యి తిరగాలంటే కదలని పిట్ట కావాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు ఇందుకు మంచి బడి. ఊరిని ఆనుకునే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. నెల్లూరు దాటాక నేలపట్టులో చెట్ల మీద గూడబాతులు కాపురాలు పెడతాయి. 1976లోనే దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. గూడు దగ్గరికి మనిషి పోతే తల్లి లేచిపోతుంది. కాకి అలాంటి అదను కోసమే కాచుకుని ఉంటుంది. గుడ్డు పోయిందని ఫొటోలో తెలియదు. ఉప్పు మడుల్లోనూ అదే గొడవ. ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చిన ఉల్లంకులు మార్చి, ఏప్రిల్‌లో తిరిగి బయల్దేరేలోగా ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. స్కోపు ఉన్నవాళ్లకు లేపే పనే లేదు. అవి తలెత్తి చూడటం మొదలెడితే అప్పటికే దగ్గరికి వచ్చేశారని అర్థం. రెండడుగులు వెనక్కి వేయాలి.

మడి గట్టు ఎక్కేముందు అక్కడ పనిచేసే వాళ్లను అడగండి. తడి గట్టు మీద బరువుగా నడిస్తే అది తెగి, పండుతున్న ఉప్పు పాడవుతుంది. ఫొటోలు అయ్యాక ఫోన్ తీసేసి వాళ్లనూ ఓసారి స్కోపులో చూడమనండి. ఏళ్ల తరబడి దూరంగా చూస్తున్న ఆ పిట్ట కన్ను ఏ రంగులో ఉందో చూడటం వాళ్లకూ అదే మొదటిసారి కావచ్చు.