జానెడు యింజనూ, కొండంత మోతా

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రైలు యింజన్లతో ఏం పని అని మీరడగవచ్చు. యింజనుతో కాదు, దాని చప్పుడుతో పని. మన భాషలో ధ్వన్యనుకరణ పదాలకు లోటు లేదు. గడగడ, గుడగుడ, ధనధన, కిర్రు, బుస్సు — వరస పెడితే పేజీ నిండుతుంది. అయినా రైలనగానే యీనాటి పిల్లలు కూడా 'చుక్ చుక్' అనే అంటారు. ఆవిరి యింజను చప్పుడు చెవులారా విన్న పిల్లలు వాళ్ళలో ఎందరున్నారు? యింజను పోయినా మాట మిగిలింది. తరవాత వచ్చిన డీజిలు యింజనుకి పాపం ఆపాటి మాటైనా దక్కలేదు.

మా అరకులోయ మీదుగా పోయే లైను కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు. బైలదిలా కొండల్లోని యినపరాయిని విశాఖ రేవుకు దించి జపానుకు ఎగుమతి చెయ్యడానికి 1960లలో వేశారు. దారిలో 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున వుంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదన్న బిరుదు చాలాకాలం దానిదే. తొలిరోజుల్లో యీ ఘాటు మీద బళ్ళు లాగినవి ఆల్కో తరహా డీజిలు యింజన్లు. 1980ల ఆరంభంలో కరెంటు తీగ వచ్చింది, ఆ మోత పోయింది. 2017లో అరకు బండికి అద్దాల పెట్టె తగిలించారు. అందులో కూచుంటే లోయంతా కంటికి కనిపిస్తుంది గాని, చెవికి చల్లగాలి మర చప్పుడే దక్కుతుంది.

మా మేనమామగారు ఆ డీజిళ్ళ మీద అసిస్టెంటుగా చేరి, డ్రైవరుగా రిటైరయ్యారు. డెబ్భై అయిదు దాటాయి. మొన్న సెలవుల్లో ఆయన మనవడు, యింజనీరింగు చదివేవాడు, ఒక చిన్న యింజనుతో మా యింటికి దిగాడు. దాన్ని బొమ్మ అంటే వాడికి కోపం. నమూనా అనాలిట. అసలు యింజనుని 87 వంతులు చేస్తే ఒక వంతు. జానెడు కూడా లేదు. 112 టన్నుల పైచిలుకు బరువున్న యింజను, పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడూ 87వ వంతుకి తగ్గితే, లెక్క ప్రకారం 170 గ్రాములు తూగుతుంది. పావుకిలో వంకాయలకన్నా తేలిక! యీ తేలికే తరవాత పెద్ద తగువు తెచ్చింది.

దానికి గొంతు పెట్టడం వాడు తలపెట్టిన పని. పట్టాల్లో పారే కరెంటులోనే ఆజ్ఞలు కూడా కలిపి పంపిస్తారు. ప్రతి యింజనుకీ ఒక నంబరు వుంటుంది. లోపలి చిప్పు తన నంబరుకి వచ్చిన ఆజ్ఞనే వింటుంది, తక్కినవాటికి చెవిటిదైపోతుంది. (తరగతిలో వెనక బెంచీవారికి యీ విద్య పుట్టుకతోనే వస్తుంది.) కరెంటు అటూ యిటూ మళ్ళే వ్యవధిని బట్టి ఒకటో సున్నో పోల్చుకుంటుందిట. 'ఒకటి' అనడానికి ఒక్కో మళ్ళింపు సెకనులో పది లక్షల వంతులు 58 వుండాలి. మన సొరంగాలూ 58 కదా అన్నాను. వాడు నవ్వలేదు.

చిప్పులో వుండేది ఒక్క పాట కాదు, ముక్కలు. యింజను రాజుకోవడం ఒక ముక్క, ఊరికే నిలబడి గుడగుడమనడం ఒక ముక్క. ఆల్కో యింజను పిడికి ఎనిమిది మెట్లున్నాయి. ఒక్కొక్క మెట్టుకీ ఒక ముక్క, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి. హారను, గాలి పంపు, బ్రేకు కీచు వేరే. అవన్నీ అతుకు తెలియకుండా కలపాలి. మన సంధుల్లాంటిదే. మన యింజన్ల రికార్డులు వాడికి దొరకలేదు. అదే వంశపు ఆల్కో 251 యింజన్లు అమెరికాలో యింకా కొన్ని తిరుగుతున్నాయి, వాటి ధ్వనిని కొని ఎక్కించాడు.

స్పీకరు చక్కెర బిళ్ళంత, సెల్‌ఫోన్లలో వుండేలాంటిది. దాన్ని వట్టినే మోగిస్తే దోమ పాడినట్టుంది. ముందువైపు గాలి, వెనకవైపు గాలి కలిసిపోయి ఒకదాన్నొకటి మింగేస్తాయిట. వెనక గాలి బయటికి రాకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బా కట్టి సందులన్నీ మూశాడు. తంబురాకి సొరకాయబుర్ర లాగా దానికో కడుపు వచ్చింది. అప్పుడు గుడగుడ పలికింది. చక్రాలకి దుమ్ము పట్టి కరెంటు లిప్తపాటు తప్పితే గొంతు తెగిపోతోంది. ఆ లిప్త గడవడానికి బియ్యపుగింజలంతటి కెపాసిటర్లు నాలుగు అతికాడు.

సాయంత్రం తాతగారిని కూచోబెట్టి నడిపించాడు. జుయ్యిమని పోయింది, మోతా దానికి తగ్గట్టే ఎగిసింది. మాకందరికీ బాగుంది. ఆయన మాత్రం పెదవి విరిచారు.

"ఏటిరా యిది? యింజనొక్కటే ఎల్తాంది. దీని ఎనక బండేది?"

"ఆరు వ్యాగన్లున్నాయి కదా తాతయ్యా!"

"కంటికున్నాయి. చెవికేవీ?"

తరవాత ఆయన చెప్పింది నేనెన్నడూ ఆలోచించని సంగతి. యీ ఘాటులో యినపరాయి నిండిన బండి దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. కాబట్టి అరుపంతా ఖాళీలది. పిడి ఎనిమిదో మెట్టుకి తోసినా యింజను వెంటనే పలకదు. ముందు మూలుగుతుంది, నల్లగా పొగ కక్కుతుంది, మోత ముదురుతుంది, ఆ తరవాతే చక్రం కదులుతుంది. నిండు బండి దిగేటప్పుడు యింజను అరవదు. చక్రాల మోటార్లనే కరెంటు పుట్టించేవాటిగా మార్చి, ఆ కరెంటుని తీగచుట్టల్లో వేడిగా తగలేసి, ఫానుతో చల్లారుస్తారు. ఆ ఫాను హోరే దిగుడు చప్పుడు. "ఆ హోరు సన్నగిల్లితే మా గుండె ఆగేది," అన్నారు. వెనక వేల టన్నులున్న మనిషి మాట.

మనవడు కాగితం తీసి అన్నీ రాసుకున్నాడు. చిప్పులో అంకెలు మార్చాడు. మోత పెరిగాక మూడు సెకన్లకి గాని కదలకుండా పెట్టాడు. ఆపమంటే వెంటనే ఆగకుండా యీడ్చుకుపోయేలా పెట్టాడు. మోటారు మీద భారం పెరిగితే చిప్పుకి తెలుస్తుందిట, అప్పుడు మోత దానంతటదే బరువెక్కేలా చూశాడు. దిగుడు హోరుకి వేరే బొత్తాం కేటాయించాడు. మూడు రాత్రులు పట్టింది. నిజం చెప్పాలంటే యీ అంకెల మార్పే అసలు పని. తక్కిందంతా కొనుక్కునేదే.

నాలుగోనాడు మేనమామగారు పిడి తనే అడిగి తీసుకున్నారు. కళ్ళు మూసుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కించారు. అయిదో మెట్టు దగ్గర ఆగి, "చిమిడిపల్లి," అన్నారు. కాస్సేపటికి మళ్ళీ ఎక్కించారు. ఎంతసేపు నడిపారో గాని, అత్తయ్య భోజనానికి రెండుసార్లు పిలిచింది.

దేశంలో బ్రాడ్‌గేజి దాదాపు అంతా కరెంటయిపోయింది. ఆల్కో వంశం కూడా సెలవు తీసుకుంటోంది. యీ ఘాటు మోతని ఆనాడు టేపు మీద పట్టివుంటే అమెరికా ముక్కలతో పనేముంది అని నేను గొణిగితే, మేనమామగారు కసిరారు. కరెంటు యింజన్లు మాత్రం మూగవా, యివాళ వున్నవాటిని యివాళే పట్టుకోమన్నారు. ఎక్కడ నిలబడాలో కూడా చెప్పారు. సొరంగం నోటి ఎదురుగా కాదుట, ఒక ఫర్లాంగు పక్కగా, కొండవాలు మీద. అక్కడ బండి కనబడకముందే దాని బరువు వినబడుతుందిట.

ఆదివారం పొద్దున్న తాతా మనవడూ శిమిలిగుడ వెళుతున్నారు. ఫ్లాస్కూ, గొడుగూ, రికార్డరూ సర్ది పెట్టుకున్నారు. మైకుకి గాలి తగలకుండా తొడగడానికి నా ఉన్ని మేజోడు ఒకటి పట్టుకెళ్ళారు.