అంకె వేసిన పుస్తకము



గ్రంథములనిన మక్కువ గల నెచ్చెలి యొకతె మొన్న నాకొక క్రొత్త పుస్తకమును చూపినది. మొదటి పుటలలో గ్రంథకర్త చేవ్రాలును, దానిక్రింద సిరాతో వేసిన యొక సంఖ్యయు నున్నవి. పుస్తక మిముడునట్లు చేయించిన పెట్టెయు గలదు. "చదివితివా?" యని యడిగితిని. "అయ్యో, చదివిన నలిగిపోదా?" యని యామె నవ్వినది. ఇంటికి వచ్చినపిదప గూడ ఆ మాటయే నా మనస్సున మెదలుచుండెను. పరిమితముగా నచ్చువేసిన పుస్తకమును మనము దేనికొఱకు కొనుచున్నాము? ఈ నెల ఆ సంగతియే ముచ్చటించుకొందము.

ముందుగా నొక కథను చెప్పెదను. పాశ్చాత్యదేశములందు నగరాద్భుత కథ లనదగిన యొక శాఖ గలదు. అందు దేవతలు, దయ్యములు, మంత్రగాండ్రు అడవులలోను కోటలలోను గాక, మనమెఱిగిన వీధులలోను రైలుబండ్లలోను తిరుగుచుందురు. బెన్ ఆరొనోవిచ్ అను ఆంగ్లరచయిత 2011లో నారంభించిన 'రివర్స్ ఆఫ్ లండన్' వరుస ఇట్టివానిలో పేరు గన్నది. కథానాయకుడు పీటర్ గ్రాంట్ లండను పోలీసు, మంత్రవిద్య నభ్యసించుచున్న శిష్యుడు. అతని తల్లి సియెర్రా లియోనునుండి వచ్చి, కార్యాలయములను శుభ్రపఱచుచు సంసారమును గడుపుకొన్న యిల్లాలు. ఆ కథలలో లండను నదులు మనుష్యరూపమున సంచరించును. గోదావరిని తల్లీ యని పిలిచి పసుపుకుంకుమ లర్పించు మన కది వింతగా తోపదు.

ఆ వరుసలోనిదే 2017లో వెలువడిన 'ది ఫర్దెస్ట్ స్టేషన్'. 1863లో తెఱవబడిన మెట్రోపాలిటన్ రైలుమార్గము భూగర్భ రైలుమార్గములలో ప్రపంచమునకే మొదటిది. పనులకు బోవు జనముతో క్రిక్కిఱిసిన ఆ మార్గపు బండ్లలో దయ్యములు కనబడసాగును. వానిచే బాధింపబడినవారు పోలీసులకు మొఱపెట్టుకొందురు గాని, కొలది నిమిషములకే జరిగినదంతయు మఱచిపోవుదురు. మఱచిపోయినవారి సాక్ష్యముతో విచారణ సాగుటెట్లు? పీటరును, రైల్వే పోలీసగు జగేత్ కుమారును, చుట్టపుపిల్ల యగు అబిగైలును ఈ చిక్కును విప్పబూనుదురు. బ్రతికియున్న వారెవరో ఆపదలో నున్నారని వారికి క్రమముగా తెలియవచ్చును. ఆ పిదప కథ పరుగెత్తును. ముగింపు చెప్పను, చదువుకొనుడు.

ఈ గ్రంథము నూఱు పుటలకు పైబడినదే గాని పెద్ద నవల కాదు. అట్లని చిన్నకథయు గాదు. ఆంగ్లమున దీనిని నావెల్లా యందురు. ఇట్టి కథల కిచ్చు హ్యూగో బహుమానపు నియమముల ననుసరించి 17,500 మాటలు మొదలు 40,000 మాటలవఱకు గల రచన ఈ తరగతిలో చేరును. ఈ పరిమాణముగల రచనకు చిరకాలము నిలువనీడ కఱవై యుండెను. మాసపత్రికకు మిక్కిలి పెద్దది; పెద్ద ప్రచురణకర్తకు వెల గట్టుటకు మిక్కిలి చిన్నది. అట్టి రచనలను చేరదీసినవానిలో చిన్న ముద్రణసంస్థలు ముఖ్యమైనవి. 1995లో అమెరికాయందు మిచిగన్ రాష్ట్రమున స్థాపితమైన సబ్‌టెర్రేనియన్ ప్రెస్ అట్టిది. పైకథను ఆ దేశమున నచ్చొత్తినది ఆ సంస్థయే. ఇంగ్లండున గొలాంజ్ సంస్థ దానినే ప్రచురించినది.

చిన్న ముద్రణాలయముల చరిత్రలో స్త్రీల పాలు తక్కువది కాదు. ఐర్లండున డబ్లిన్ చెంత ఎలిజబెత్ యేట్స్ 1902లో ముద్రణాలయము నడుపబూని, పడుచులకు అచ్చుపని నేర్పినది. కవియగు సోదరుని గ్రంథమును 1903లో 325 ప్రతులు మాత్రమే తీసిరి. 1908 నుండి ఆమె ముద్రణాలయమునకు క్యూలా ప్రెస్ అని పేరు. లండను చెంతనున్న రిచ్మండులో వర్జీనియా వుల్ఫ్ దంపతులు 1917లో చేతియంత్రమును భోజనశాలలో నిలిపి, రమారమి 150 ప్రతులతో తమ తొలిపుస్తకమును వెలువరించిరి. అక్షరములను కూర్చినది ఆ యిల్లాలే. చేతిపనివలనను, చాలీచాలని ధనమువలనను ప్రతులు కొలదిగా నుండెను గాని కొనువారిని ఊరించుటకు గాదు.

మఱియొక నిదర్శనము. 1939లో అమెరికాయందు ఆర్కమ్ హౌస్ అను సంస్థ, మరణించిన స్నేహితుడగు లవ్‌క్రాఫ్ట్ కథలను కాపాడుటకే పుట్టినది. వారి తొలిగ్రంథము 1,268 ప్రతులు. వెల 5 డాలర్లు. అవి యమ్ముడుపోవుటకు నాలుగేండ్లు పట్టినది! నేడో, ఆ ప్రతికొఱకు సేకర్తలు పోటీపడుదురు. ఆనాడు కొన్నవారు లాభమును జూచి కొనలేదు. కథలమీది ప్రేమచే కొనిరి.

ఇప్పుడు మన సంచిని విప్పుదము. పరిమితముద్రణమున తఱచుగా రెండు తరగతు లుండును. సంఖ్యలు వేసి సంతకము చేసినవి కొన్ని వందలు. A మొదలు Z వఱకు అక్షరములు వేసి, తోలు మొదలగువానితో కట్టుకట్టి పెట్టెలో నుంచినవి యిరువదియాఱు. వీని వెల పలురెట్లు. సంతకములను గ్రంథకర్త విడికాగితములపై చేసి పంపగా, కట్టుకట్టునపుడు వానిని చేర్చుట పరిపాటి. కనుక సంతకమున్నదన్న మాత్రమున ఆ పుస్తకము గ్రంథకర్త చేతిలోనుండి వచ్చినదని మురిసిపోవలదు.

పరీక్షింపవలసినవి వేఱు. ప్రతుల సంఖ్యను స్పష్టముగా ముద్రించిరా? కాగితము ఆమ్లములేనిదా? లేకున్న కొన్నియేండ్లకే పసుపుబాఱి పెళుసగును. పుటలను మడతలుగా దారముతో కుట్టిరా, లేక జిగురుతో నంటించిరా? వెన్నును పైనుండి చూచిన మడతలు కనబడును. జిగురుకట్టు తఱచుగా విప్పిచదువ బీటలువాఱును. కుట్టినది మనుమరాండ్రకును అక్కఱకు వచ్చును. సొమ్ము ముందుగా గట్టవలెనన్న, ఆ సంస్థ మునుపు చెప్పిన గ్రంథములను చెప్పినట్లు పంపెనో లేదో విచారింపుడు. అచ్చు ఆలస్యమగుట సాధారణమే; సమాధాన మీయకుండుట మాత్రము చెడుగుర్తు. విదేశమునుండి తెప్పించునపుడు తపాలాఖర్చు, సుంకము గ్రంథపువెలకు చేర్చి లెక్కింపుడు. ఆ మొత్తము చూచినపిదప గూడ మనస్సు మాఱకున్న కొనుడు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి: ఇదే కథ సామాన్యప్రతిగా దొరకునా? దొరకినచో ముందు దానిని చదువుడు. కథకు వెల యొకటి, దాని దేహమునకు వెల మఱియొకటి. రెండవది చెల్లింపదగినది మొదటిదానిపై మమకారము గలిగినపుడే. "కొన్ని ప్రతులే మిగిలినవి, త్వరపడుడు" అను మాట చీరలయంగడిలో మన మెఱుగనిది కాదు. అచట తొందరపడని యిల్లాలు ఇచట నేల తొందరపడవలెను?

ఐనను ఇట్టి గ్రంథములు వృథాయని నేననను. మన తెలుగునాటను పూర్వము ముందుగా చందాదారులను కూర్చుకొని గ్రంథములను వెలువరించు వాడుక యుండెను. ముందు చెల్లించిన ఆ కొలదిమంది లేకున్న ఎన్ని గ్రంథములు వ్రాతప్రతులుగానే చెదలు పాలయ్యెడివో! పెద్దవారు చేపట్టని రచన యొకటి వెలుగు చూచుటకు మన రూపాయలు తోడ్పడినచో, అవి దండుగ కావు. ఇంటి ఖర్చులు గడచినపిదప, స్త్రీ తాను కూడబెట్టుకొన్న సొమ్ముతో సంవత్సరమున కొక్క పుస్తకము తన యిష్టముచొప్పున కొనుకొన్నచో, దానికామె యెవరికిని సంజాయిషీ చెప్పనక్కఱలేదు.

కాని కొన్నదానిని చదువవలెను. నా నెచ్చెలికి నేనిదే చెప్పితిని. ఆమె కొంతసేపు వాదించినది. పిమ్మట పెట్టెనుండి పుస్తకమును దీసి, చేతులు కడుగుకొని వచ్చి, మొదటి ప్రకరణము నాకు చదివి వినిపించినది. రెండవ ప్రకరణమునకు వచ్చునప్పటికి పొయ్యిమీది పాలు పొంగినవి. లేచిపోవునపుడు ఆమె పుటకు గుర్తుగా నొక దారపుపోగు నుంచి, పుస్తకమును పెట్టెలో గాక దిండుప్రక్కన నుంచినది.