మన చెలమ నీళ్లకూ ఆ పరీక్ష చెయ్యమందాం

ఏ దేశం చాటుగా యురేనియం శుద్ధి చేస్తోందో ఎలా పట్టుకుంటారో తెలుసా? అరచెయ్యంత నూలుగుడ్డతో! అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీవాళ్లు ప్లాంటులో గోడలు, యంత్రాలు ఆ గుడ్డతో తుడుస్తారు. వియన్నా దగ్గర సైబర్స్‌డార్ఫ్ ల్యాబుకు పంపుతారు. కంటికి ఆనని ధూళి రేణువులో యురేనియం-235 ఎంత, 238 ఎంత అని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో లెక్కగడతారు. నేలలోంచి తీసిన యురేనియంలో 235 వాటా 0.72 శాతమే. ఎక్కువ కనబడితే ఎవరో శుద్ధి చేసినట్టే.

2003లో ఇరాన్‌లో ఇలాగే శుద్ధి చేసిన యురేనియం ధూళి దొరికింది. "మేం కొన్న యంత్ర భాగాలతో వచ్చింది" అంది ఇరాన్. ఆ భాగాలు వచ్చిన పాకిస్తాన్ నుంచి నమూనాలు తెప్పించి పోల్చారు. చాలావరకు ఆ మాటే సరిపోయింది. చూశారా, ధూళి ఎవరి పక్షమూ కాదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. గని పక్క ఊళ్లలో నీళ్లు పాడయ్యాయంటే వచ్చే జవాబు మీకు తెలిసిందే: "అది నేలలో సహజంగా ఉన్నదే." ఈ మాటనీ తూచే లెక్క ఉంది. రాతిలోంచి మెల్లగా ఊరే నీళ్లలోకి యురేనియం-234 తేలిగ్గా దిగుతుంది. అందుకే భూగర్భ జలాల్లో 234 రేడియో ధార్మికత 238 కంటే మామూలుగా ఎక్కువ ఉంటుంది. మిల్లులో ఖనిజాన్ని పొడిచేసి రసాయనాలతో కరిగిస్తారు కాబట్టి ఆ వ్యర్థాల్లో రెండూ దాదాపు సమానం. అమెరికాలోని కొలరాడోలో మిల్లు పక్క నీళ్లను ఇలాగే పరీక్షించారు.

అయితే ఒక చిక్కుంది. కొన్నిచోట్ల సహజమైన నీళ్లలోనూ ఈ రెండూ సమానంగానే ఉంటాయి. గని రాకముందు లెక్క లేకపోతే తర్వాత వాదన తేలదు. బాంబు భయానికి ఇంత సూక్ష్మంగా కొలిచే లోకం, తాగే నీళ్ల దగ్గరికొచ్చేసరికి "సహజం" అని చెయ్యి దులుపుకుంటే ఎలా ఒప్పుకుంటాం?

అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. జనం లేచారు. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానించింది. తీర్మానం ఉంది కదా అని ఊరుకోకండి. చెంచుపెంటల్లో చెలమలు, బోర్లు, వాగుల నీళ్లు ఇప్పుడే పరీక్షకు పంపమని అడగండి. లెక్క తెలుగులో కావాలి, గ్రామసభ రిజిస్టర్‌లో ఎక్కాలి. నీళ్లు పట్టేటప్పుడు మన పిల్లలు పక్కనే నిలబడాలి. సీలు వేసిన సీసా ఒకటి మన దగ్గర ఉండాలి.