సస్పెన్స్ సినిమాను చెవులతో చూద్దాం

వార్షికోత్సవ సంచికలో సినిమా గురించి వ్యాసమేమిటని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. క్రమశిక్షణ, లక్ష్యసాధన, చెట్ల పెంపకం, చదువు విలువ మీద వ్యాసాలు ఈ సంచికలో ఎలాగూ ఉంటాయి, ఏటా ఉంటాయి. మేం రాయదలచుకున్నది వేరు. ఆదివారం వచ్చిందంటే హాస్టల్‌లో ఎక్కువగా నడిచేది సినిమా ముచ్చటే. అయితే ఆ ముచ్చట హీరో దగ్గర మొదలై హీరో దగ్గరే ఆగిపోతుంది. ఫైట్ బాగుంది, డైలాగ్ అదిరింది, కలెక్షన్ ఇంత. అదే ఒక సస్పెన్స్ సినిమా చూస్తున్నప్పుడు గుండె ఎందుకు దడదడలాడింది, దుప్పటి ముఖం మీదికి ఎందుకు లాక్కున్నావు అని అడిగితే 'స్టోరీ బాగుందన్నా' అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. మా అభిప్రాయం ప్రకారం ఆ భయంలో కథ వాటా తక్కువ, శబ్దానిదీ ఎడిటింగ్‌దీ ఎక్కువ. ఈ రెండూ పట్టుబట్టి నేర్చుకోగలిగిన పనులు. అందులో శబ్దం సంగతి మనలాంటి ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు అసలు కొత్తే కాదు.

ఈ మాట గాలిలోంచి తీసి రాయడం లేదు. ఈ హాస్టల్‌లోనే పదో తరగతి పూర్తిచేసి ఇప్పుడు సిద్దిపేటలోనే డిగ్రీ చదువుతున్న మేం, మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు తమ్ముళ్లతో కలిసి ఒక పరీక్ష చేసి చూశాం. టీవీలో దయ్యం సినిమా వస్తోంది. వాల్యూమ్ మొత్తం తీసేశాం. జుట్టు విరబోసుకున్న ఆవిడ తలుపు సందులోంచి తొంగిచూస్తుంటే ఆరో తరగతి తమ్ముళ్లు పకపకా నవ్వారు. ఒకడైతే ఆమె నడకను హాలు మధ్యలో చేసి చూపించాడు. తర్వాత టీవీ తెర మీద దుప్పటి కప్పి, వాల్యూమ్ పెంచి, లైటు ఆర్పాం. బొమ్మ లేదు. కిర్రుమనే తలుపు, ఆగి ఆగి పడే అడుగులు, ఎక్కడో నీటి చుక్క. నాలుగు నిమిషాలు కూడా గడవకముందే నవ్విన వాళ్లలో ఒకడు లేచి వెళ్లి లైటు వేశాడు. మళ్లీ ఆర్పనివ్వలేదు.

ఎందుకిలా జరుగుతుంది? కన్ను ముందున్నదే చూస్తుంది. భయమేస్తే మూసుకోవచ్చు. చెవికి రెప్పల్లేవు. వెనక నుంచి, పక్క గదిలోంచి, గోడ అవతల నుంచి వచ్చేది కూడా వింటుంది. విన్నది ఏమిటో కనబడకపోతే మిగతా బొమ్మను మనసు గీసుకుంటుంది, అది గీసుకునేది ఎప్పుడూ మనకు అన్నిటికన్నా భయం కలిగించే బొమ్మే. స్టడీ అవర్లో వార్డెన్ సారు బండి శబ్దం గేటు దగ్గర వినబడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. సారు కనబడలేదు, అయినా పుస్తకాలన్నీ తెరుచుకుంటాయి. బండి ఆగింది. ఆ తర్వాత అడుగుల చప్పుడు రాలేదనుకోండి, అప్పుడు ఇంకా భయం. సారు ఎక్కడ నిలబడ్డాడు? ఏ కిటికీ దగ్గర? సినిమా వాళ్లు కోట్లు పెట్టి చేసే పని ఇదే. మనిషిని తెర బయట ఉంచి, అతని శబ్దాన్ని మాత్రం లోపలికి పంపుతారు. ఆ తర్వాత ఆ శబ్దాన్ని కూడా ఆపేస్తారు.

మనలో చాలామంది తాతలు, నాయనలు డప్పు కొట్టినవాళ్లు. ఊళ్లో దూరం నుంచి డప్పు వినబడగానే, అది పెండ్లి ఊరేగింపా, పీనుగా, చాటింపా అన్నది గడప దాటకుండా కూర్చున్న ముసలవ్వ చెప్పేస్తుంది. ఎవరు పోయిండ్రో తెలియదు, కానీ ఎవరో పోయిండ్రని తెలిసిపోతుంది. పేరు తెలిసేదాకా ఇంటింటా ఒకటే ఆరాటం. సస్పెన్స్ అంటే అదే కదా. సంగతి సగం చెప్పి, మిగతా సగానికి మనిషిని నిలబెట్టడం. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల, ఈ రెండింటితో ఒకే తోలు మీద ఇన్ని రకాల మనసులను పుట్టించడం తెలిసిన వాళ్లు శబ్దం చదువుకున్న వాళ్లు కాకపోతే మరెవరు? కొట్టే ముందు మంట దగ్గర కాపి, వేలితో మీటి, శ్రుతి సరిపోయిందో లేదో చూసుకుంటారు. స్టూడియోలో సౌండ్ ఇంజనీరు మీటలు తిప్పుతూ చేసేదీ అలాంటి పనే. ఈ విద్యను కులం పేరుతో మెడకు కట్టి, వెట్టిగా కొట్టించుకున్న వ్యవస్థ మీద మాకు కోపమే ఉంది. ఆ అవమానం పడలేక డప్పు కింద పెట్టేసిన పెద్దలను మేం తప్పుపట్టం. కానీ ఆ చేతుల్లో ఉన్నది విద్యేనని ఒప్పుకోవాలి.

ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. జనగామ వైపు చుక్క సత్తయ్య వంటి కళాకారులు కథ చెప్తుంటే రాత్రి గడిచిందే తెలిసేది కాదంటారు. కథకుడు ఆపద దగ్గరికి రాగానే మాట ఆపుతాడు. డోలు అందుకుంటుంది. అది మెల్లగా మొదలై ఉరుకులోకి వెళ్లేలోపు, ఏం జరుగుతుందో తెలిసిన కథే అయినా జనం ముందుకు జరిగి కూర్చుంటారు. మాట ఎక్కడ తెంపాలో తెలియడం ఎడిటింగ్. తెంపిన చోట ఏం వినిపించాలో తెలియడం సౌండ్. ఇంగ్లిషు పేర్లు తర్వాత వచ్చాయి.

ఇక తెలుగు సినిమాల్లోకి వస్తే మేం అందరికీ చెప్పేది 1985లో వంశీ తీసిన 'అన్వేషణ'. అడవిలో వరుసగా మనుషులు చనిపోతుంటారు, పులి పనే అనుకుంటారు. భానుప్రియ వేసిన పాత్ర ఆ అడవికి ఎందుకు వస్తుందో గమనించండి. పక్షుల కూతలకూ రాగాలకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేయడానికి. అంటే చెవులు రిక్కించి వినడమే ఆమె పని. ఆమెతో పాటు ప్రేక్షకుడు కూడా అడవిని వినడం మొదలుపెడతాడు. అంతసేపూ అందంగా వినబడిన అడవే కాసేపటికి మీదకు వచ్చేలా ఉంటుంది. ఇళయరాజా సంగీతం గురించి చెప్పేదేముంది, పాటలు అందరికీ వచ్చు. కానీ పాటల్లేని చోట ఆయన ఏం చేశాడో ఒక్కసారి విని చూడండి. వంశీ సినిమాలకు ఎడిటర్‌గా పనిచేసిన అనిల్ మల్నాడ్‌కు 'సితార' (1984) సినిమాకు ఉత్తమ ఎడిటర్‌గా జాతీయ అవార్డు వచ్చింది. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు? హీరో పుట్టినరోజు తేదీ మాత్రం అందరికీ నోటికి వచ్చు.

1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' ఇంకో పాఠం. రేవతి నటించిన ఈ సినిమాలో పాటల్లేవు. ఆ రోజుల్లో పాటల్లేకుండా సినిమా తీయడమంటే సాహసమే. నేపథ్య సంగీతం చేసింది మణిశర్మ. తర్వాత ఆయన పాటల మణిశర్మగానే పేరు తెచ్చుకున్నాడు కాబట్టి ఇది చాలామందికి తెలియదు. ఎవరో వెంటాడుతున్నట్టు కెమెరా వెనక నుంచి కదులుతుంటుంది, ఆ ఎవరో మాత్రం కనబడరు. వర్మ తర్వాతి సినిమాల మీద మాకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి, అది వేరే వ్యాసం.

తెర మీద వినబడేదంతా షూటింగ్‌లో పట్టిన శబ్దమే అనుకుంటాం. కానే కాదు. మన సినిమాల్లో ఎక్కువగా మాటలను తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పిస్తారు. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, బట్టల రెపరెప కూడా బొమ్మ చూస్తూ మళ్లీ పుట్టిస్తారు. గుర్రం డెక్కలకు కొబ్బరి చిప్పలు, గడ్డిలో నడకకు నలిపిన పాత క్యాసెట్ టేపు. ప్రపంచంలో అందరికన్నా పేరున్న సస్పెన్స్ సినిమా హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960)లో కత్తిపోట్ల శబ్దం ఖర్బూజా కాయను పొడిచి తీసిందే. స్నానాల గదిలో జరిగే ఆ హత్య దాదాపు 45 సెకన్లు. అందులో 50కి పైగా ముక్కలు అతికి ఉన్నాయి. అంటే సెకనుకు ఒకటి కన్నా ఎక్కువ. కత్తి ఒంట్లో దిగడం దాదాపు కనబడదు, అయినా చూసినవాళ్లు చూశామనే చెప్తారు. ఆ సన్నివేశానికి అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మాత్రం వయొలిన్ కుటుంబపు తీగ వాయిద్యాలతోనే ఆ కీచుమనే ముక్కను చేసి వినిపించాడు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు.

ఎడిటింగ్ అంటే అనవసరమైనది కత్తిరించడమేనని అనుకునేవాళ్లు ఉన్నారు. అంతే అయితే దానికి మంగలి కత్తెర చాలు. దాదాపు నూరేళ్ల కింద రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ముఖాన్ని తీసుకుని, దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో పాప, ఇంకోసారి ఒక యువతి బొమ్మ అతికించాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. చూసినవాళ్లు మాత్రం ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా నటించాడు అని మెచ్చుకున్నారు. రెండు షాట్ల మధ్య లేని భావాన్ని మనమే పెట్టుకుంటాం. సస్పెన్స్ మొత్తం ఆ సందులోనే బతుకుతుంది. హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ ఇంకోటి ఉంది. బల్ల దగ్గర ఇద్దరు మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు, హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడేది 15 సెకన్లు. అదే బాంబును ముందే చూపించి, గోడ గడియారం చూపించి, మళ్లీ ఆ కబుర్లకే వస్తే 15 నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. కబుర్లు అవే. మారింది కూర్పు వరుస.

అన్నిటికన్నా మాకు నచ్చిన సాక్ష్యం 'జాస్' (1975). సొరచేప సినిమా. సముద్రంలో షూటింగ్ చేస్తుంటే యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించింది. స్పీల్‌బర్గ్ దాన్ని చాలావరకు చూపించకుండానే లాక్కొచ్చాడు. చేప బదులు జాన్ విలియమ్స్ చేసిన రెండు స్వరాలు వచ్చేవి. మెల్లగా, తర్వాత వేగంగా. ఆ సినిమాకు వచ్చిన ఆస్కార్లు మూడు. ఒకటి ఎడిటింగ్‌కు, ఒకటి సంగీతానికి, ఒకటి సౌండ్‌కు.

ఇప్పుడొస్తున్న కొన్ని థ్రిల్లర్ల మీద మా ఫిర్యాదు కూడా ఇక్కడే. టైటిల్స్ నుంచి శుభం కార్డు దాకా ఢాం ఢాం అని ఒకటే మోత. పాత్ర నీళ్లు తాగినా మోతే, తలుపు తెరిచినా మోతే. కూరంతా కారమే వేస్తే నాలుకకు ఏమీ తెలియదు. నిశ్శబ్దం ఇవ్వడానికి ధైర్యం కావాలి, కథ మీద నమ్మకం కావాలి. రెండూ లేనప్పుడే వాల్యూమ్ పెంచుతారని మా అనుమానం.

ఇదంతా తెలుసుకుని మనకేం లాభమని అడిగే తమ్ముళ్లకు ఒక పేరు చెప్తాం. రసూల్ పూకుట్టి. కేరళలో కొల్లం జిల్లా విళక్కుపార అనే పల్లె. తండ్రి బస్సులో పనిచేసేవాడు, ఇంట్లో ఎనిమిది మంది పిల్లల్లో ఇతనే చిన్నవాడు. ఊరికి కరెంటు లేక కిరోసిన్ దీపం దగ్గర చదివాడు, బడికి కిలోమీటర్ల కొద్దీ నడిచాడు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ చదివాడు. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు సౌండ్ మిక్సింగ్‌లో ఆస్కార్ అందుకున్నాడు. మన పక్క చూస్తే, జాతీయ అవార్డులు ఎన్నోసార్లు అందుకున్న ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ తెలుగువాడే. ఆయన తండ్రి అక్కినేని సంజీవి కూడా ఎడిటరే, ఎల్.వి. ప్రసాద్ పెదనాన్న. ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఇంట్లోనే ఎడిటింగ్ బల్ల ఉన్న పిల్లవాడికి చిన్నప్పుడే అందే విద్య, ఇంట్లో టీవీ కూడా లేని పిల్లవాడికి బడి ద్వారా అందాలి. అందుకే ప్రభుత్వ సంస్థలు ముఖ్యం. పుణెలో 1960లో పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ రెండింటిలో సౌండ్, ఎడిటింగ్ కోర్సులున్నాయి, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. ఈఏపీసెట్, పోలీసు కానిస్టేబుల్, గ్రూప్స్ నోటిఫికేషన్లు మన నోటీసు బోర్డు మీద వరుసగా ఉంటాయి. ఈ రెండు సంస్థల ప్రకటన ఆ బోర్డు మీద మేం ఉన్న ఏళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఈ ఏడాది నుంచి దాన్ని ప్రింట్ తీసి అంటించే పని మేమే చేస్తాం.

పరికరాలు లేవనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఫోనులో రికార్డరు ఉంది, ముక్కలు కత్తిరించి అతికే ఉచిత యాప్‌లున్నాయి. హాస్టల్ బోరింగు చప్పుడు, వంటగదిలో పెద్ద గంజు మూత పడ్డ చప్పుడు, వానకు రేకుల మోత, అర్ధరాత్రి వరండాలో చెప్పుల చప్పుడు. నాలుగూ పట్టుకుని, వరుస మార్చి మార్చి వినిపించి చూడండి, ఏ వరుసలో నవ్వొస్తుందో, ఏ వరుసలో ఒళ్లు జలదరిస్తుందో.

పాత విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మీలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు ఉన్నారు, న్యూస్ ఛానళ్లలో పనిచేసేవాళ్లు ఉన్నారు, ఊరి జాతరల్లో సౌండ్ సిస్టం నడిపేవాళ్లూ ఉన్నారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు వచ్చి కూర్చోండి. ఒకే సన్నివేశాన్ని మూడుసార్లు పెడదాం. ముందు శబ్దం లేకుండా, తర్వాత బొమ్మ లేకుండా, చివరికి రెండూ కలిపి. ప్రతివాడూ తాను విన్నది అరపేజీ రాయాలి, 'స్టోరీ బాగుంది' అనే మాట రాయకూడదు. వార్డెన్ సారును అడిగాం, పరీక్షలు దగ్గర లేని నెలల్లో అయితే అభ్యంతరం లేదన్నారు. మొదటి ఆదివారం 'అన్వేషణ' పెడదామని మా కోరిక. లైటు ఆర్పాలా వద్దా అన్నది ఆరో తరగతి వాళ్ల ఓటింగుకు వదిలేస్తున్నాం.