రిట్జ్ హోటల్: అసెంబ్లీకి కూతవేటు దూరంలోని ప్యాలెస్‌కి ఈ గతి ఎందుకు పట్టింది?

హైదరాబాద్ నడిబొడ్డు. ఒకవైపు అసెంబ్లీ, ఇంకోవైపు బిర్లా మందిర్. మధ్యలో నౌబత్ పహాడ్ గుట్ట మీద కోటలాంటి ఓ పాత భవనం. రోజూ ఆ రూట్‌లో వెళ్లేవాళ్లలో చాలామందికి అక్కడ అలాంటిదొకటి ఉందనే తెలియదు. పెద్దవాళ్లను అడిగితే మాత్రం ఠక్కున చెప్తారు.. 'రిట్జ్ హోటల్' అని. అసలు పేరు హిల్ ఫోర్ట్ ప్యాలెస్.

ఎవరు కట్టారు?

నిజాం కాలంలో హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా పనిచేసిన సర్ నిజామత్ జంగ్ 1915లో దీన్ని కట్టించారు. తాను చదువుకున్న కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ పోలికలతో కట్టించుకున్నారని చెబుతారు. తర్వాత ఏడో నిజాం దీన్ని కొన్నారు. ఆయన రెండో కొడుకు మొజం జా ఇక్కడే ఉన్నారు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిశాక భవనం ప్రభుత్వం చేతికొచ్చింది. 1955 నుంచి రిట్జ్ హోటల్‌గా నడిచింది. 1990లలో హోటల్ మూతపడింది. కష్టాలు మొదలైంది అక్కడి నుంచే.

మళ్లీ ఎందుకు తెరుచుకోలేదు?

టూరిజం శాఖ దీన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో హెరిటేజ్ హోటల్ చేయాలనుకుంది. ప్లాన్ ముందుకు సాగలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి విషయం హైకోర్టు దాకా వెళ్లింది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. సున్నం, రాయితో కట్టిన భవనాన్ని ఎవరూ కూల్చక్కర్లేదు. తాళం వేసి వదిలేస్తే చాలు. పైకప్పులో చిన్న పగులు, అందులోంచి వాన నీరు, ఆ తడిలో రావి మొక్క. వేళ్లు గోడలోకి దిగితే ఇక ఆపడం కష్టం. పైగా సున్నం గోడకు గాలి ఆడాలి. హడావుడిగా సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ ఇంకా పాడవుతుంది. అందుకే రిపేర్ ఎంత లేటైతే ఖర్చు అంత పెరుగుతుంది.

చట్టం కాపాడదా?

పాత కట్టడాలకు రక్షణగా ఉన్న హుడా 13వ నిబంధనను 2015లో ప్రభుత్వం తీసేసింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న కేబినెట్ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. అంటే కూల్చకుండా ఆపడం కోర్టుల వల్ల అవుతోంది. కానీ ఒక భవనం రోజూ ఊడ్చి, తుడిచి, తలుపులు తెరిచేలా చూడటం కోర్టు పని కాదు కదా!

పక్కనే ఉన్న పాఠం

మొజం జా పేరు మీదే ఉన్న మొజంజాహీ మార్కెట్‌ను చూడండి. రిపేర్లు చేసి 2020లో కొత్తగా ముస్తాబు చేశారు. అక్కడ షాపులున్నాయి, ఐస్‌క్రీమ్ కోసం జనం వస్తారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌కి దాదాపు పదేళ్లు మరమ్మతులు జరిగాయి. 2010లో అది హోటల్‌గా తెరుచుకుంది. ఒకటి సామాన్యుడిది, ఇంకోటి ధనవంతులది. కానీ రెండింట్లోనూ మనుషులు తిరుగుతున్నారు. కారే నీళ్లు ఎవరో ఒకరి కంట పడతాయి, ఆ రోజే రిపేర్ అవుతుంది.

అసలు ప్రశ్న ఏంటంటే..

రిట్జ్‌కి డబ్బు కావాలి, నిజమే. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకోటుంది. బాగుచేశాక అందులో ఏం పెడతారు? హోటలా, మ్యూజియమా, లైబ్రరీయా? అది ఎవరు నడుపుతారు? లోపలికి మామూలు జనానికి ఎంట్రీ ఉంటుందా? ఇవి తేల్చకుండా రంగులేసి మళ్లీ తాళం వేస్తే, కొన్ని వానాకాలాల తర్వాత కథ మళ్లీ మొదటికే వస్తుంది.

అందుకే ఈసారి రిట్జ్ మీద ఏదైనా ప్రకటన వస్తే, ఎన్ని కోట్లు అన్నది ఒక్కటే చూడకండి. తాళంచెవి ఎవరి చేతికి ఇస్తున్నారో కూడా చూడండి.