స్కాన్ నార్మల్ వస్తే జబ్బు లేనట్టేనా? ఎండోమెట్రియోసిస్‌లో ఏ పరీక్ష ఎంతవరకు

నెలసరి వచ్చిందంటే మూడు రోజులు మంచం దిగలేని అమ్మాయికి డాక్టర్ కడుపు స్కాన్ రాస్తారు. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, నొప్పి మాత్రం పోదు. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అనే మాటతో విషయం అక్కడికి ఆగిపోతుంది. ఎండోమెట్రియోసిస్ ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరగడమే ఈ జబ్బు. సంతాన వయసులోని ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే ప్రపంచంలో సుమారు 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది ముఖ్యంగా మూడు రకాలు. అండాశయంలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ ఒకటి. పేగు, మూత్రాశయం లాంటి చోట్ల లోతుగా పాకేది రెండోది. కడుపు లోపలి పొరపై చిన్న చిన్న మచ్చల్లా ఉండేది మూడోది.

స్కాన్లలో తేడా ఎక్కడ?

పొట్ట మీద నుంచి చేసే మామూలు స్కాన్‌లో పెద్ద సిస్ట్ ఉంటే కనబడొచ్చు. లోతైన రకం చాలాసార్లు తప్పిపోతుంది. యోని ద్వారా చేసే టీవీఎస్, అంటే జనం ‘లోపలి స్కాన్’ అనేది, ఇంతకంటే చాలా మెరుగు.

కోక్రేన్ సంస్థ 2016లో పలు అధ్యయనాలను కలిపి చూసింది. చాక్లెట్ సిస్ట్ ఉన్న ప్రతి 100 మందిలో టీవీఎస్ 93 మందిని, ఎంఆర్ఐ 95 మందిని పట్టుకున్నాయి. అంటే దాదాపు సమానం. లోతైన రకంలో టీవీఎస్ 79 మందిని, ఎంఆర్ఐ 94 మందిని గుర్తించాయి. అయితే ఖరీదైన ఎంఆర్ఐదే పైచేయి అనుకోవడానికి లేదు. లోతైన జబ్బు లేని ప్రతి 100 మందిలో ఎంఆర్ఐ 23 మందికి ఉన్నట్టు చూపితే, టీవీఎస్ ఆరుగురికే అలా చూపింది. రెండింటిలోనూ చేసేవాళ్ల, చదివేవాళ్ల అనుభవమే కీలకం.

ఇక మూడో రకం మచ్చలను ఏ స్కానూ నమ్మకంగా చూపలేదు. సీటీ స్కాన్‌తో రేడియేషన్ తప్ప ఇక్కడ పెద్దగా ఒరిగేదేమీ లేదు. సీఏ-125 రక్త పరీక్షతో జబ్బును తేల్చడం కూడా సరికాదు.

మారిన మార్గదర్శకాలు

ఒకప్పుడు లాప్రోస్కోపీ చేస్తే గానీ జబ్బు ఖాయం కాదనేవారు. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే 2022లో ఆ మాట మార్చింది. స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా, మందులు పనిచేయకపోయినా, లేదా మందులు సరిపడకపోయినా లాప్రోస్కోపీ ఆలోచించాలంది. లక్షణాలను బట్టి ముందు మందులు మొదలుపెట్టొచ్చు. పరీక్ష, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని తేల్చేయొద్దని బ్రిటన్ సంస్థ నైస్ కూడా చెబుతోంది.

పెళ్లికాని అమ్మాయిల సంగతి

మన దగ్గర పెళ్లికాని అమ్మాయిలకు టీవీఎస్ సాధారణంగా చేయరు. చాలా కుటుంబాలు ఒప్పుకోవు కూడా. కానీ దాంతో దారి మూసుకుపోయినట్టు కాదు. టీవీఎస్ కుదరని చోట ఎంఆర్ఐ, పొట్ట మీద స్కాన్, మలద్వారం నుంచి చేసే స్కాన్ లాంటివి ఆలోచించవచ్చని ఎష్రే సూచించింది. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు, ఖర్చే భారం. స్కాన్‌కు లేడీ డాక్టర్ కావాలంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. సిగ్గుతో పరీక్షే మానేస్తే నష్టపోయేది అమ్మాయే.

డాక్టర్‌ను ఏం అడగాలి?

చీటీపై ‘ఎండోమెట్రియోసిస్ అనుమానం’ అని రాయించుకోవాలి. ఏం వెతకాలో తెలిస్తేనే స్కాన్ చేసేవాళ్లు పేగు, మూత్రాశయం వైపు ప్రత్యేకంగా చూస్తారు. నొప్పి ఏ రోజుల్లో, ఎక్కడ, మల మూత్ర విసర్జనలోనూ వస్తోందా అన్నది రెండు మూడు నెలలు రాసి తీసుకెళ్లాలి. రిపోర్టు నార్మల్ అయితే ‘మరి నొప్పి ఎందుకు?’ అని అడగాలి. దానికి జవాబు రాకపోతే ఈ జబ్బు చూసిన అనుభవం ఉన్న గైనకాలజిస్ట్‌ను కలవాలి. స్కాన్ నార్మల్ అన్నంత మాత్రాన అమ్మాయి చెప్పే నొప్పి అబద్ధం అయిపోదు.